మగదిక్కు లేని కాన్పు

నర్సింగు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మా మేనకోడలి కూతురు వాళ్లను వెంటబెట్టుకొస్తుంది. టీ తాగుతూ, "అమ్మమ్మా, మీ కాలంలో ఈ ఉద్యోగం ఎట్లుండేది?" అని అడుగుతారు. ప్రమోషన్ల కథలు చెబుతాననీ, పదవీ విరమణ నాడు కప్పిన శాలువా చూపిస్తాననీ వాళ్ల ఆశ. శాలువా ఉంది. చలికాలం కప్పుకుంటున్నాను. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

చెప్పాల్సింది వేరే ఉంది. నోటితో చెప్పబోతే కోపం వచ్చి మధ్యలోనే ఆపేస్తున్నానని మా మేనకోడలు అంటుంది. అందుకని రాస్తున్నాను. రాసేటప్పుడు కోపం వచ్చినా కలం పక్కన పెట్టి మళ్లీ తీసుకోవచ్చు.

నా పేరు రూతమ్మ. కోదాడ పక్క పల్లెలో పుట్టాను. నాన్న బడిపంతులు, ఆదివారం ప్రార్థన నడిపేదీ ఆయనే. సరిహద్దు అవతల, మద్రాసు రాజ్యంలో ఒక మిషను ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకున్నాను. నిజాం రాజ్యం ఇంకా ఉండగానే ఇటు సర్కారు కొలువులో చేరాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడింటి చుట్టే నా ఉద్యోగం తిరిగింది. నేను చెప్పబోయేది మాత్రం సూర్యాపేట నుంచి కోదాడ పోయే పెద్ద బాట మీద ఒక చిన్న దవాఖానలో జరిగింది. ఊరి పేరు రాయను. నేను చెప్పబోయే ఇంటివాళ్లు ఇంకా ఆ దగ్గర్లోనే ఉన్నారు.

చేరిన కొత్తలో

పెళ్లి చేసుకుంటే కొలువు వదులుకోవాలని చేరేటప్పుడే నాకు షరతు పెట్టారు. మా దవాఖానలో కాంపౌండరుకు ఆ షరతు లేదు. ఆయనకు ఇద్దరు భార్యలు, ఇద్దరూ పక్కపక్క ఇళ్లలోనే ఉండేవాళ్లు. ఈ ముక్క చెబితే పిల్లలు పగలబడి నవ్వుతారు. అప్పుడు నేను నవ్వలేదు.

ఊళ్లో నాకు కిరాయికి ఇల్లు దొరకలేదు. ముక్కూ మొహం తెలియని మగవాళ్ల పుండ్లు కడిగే ఆడది, పైగా పెళ్లి కానిది, కిరస్తానీది. దవాఖాన వెనక మందుల గది పక్కన చిన్న గది ఇచ్చారు. అందులో నేనూ ఆయా వెంకమ్మా ఉండేవాళ్లం. వెంకమ్మ నాకన్నా చాలా పెద్దది, నోరు కూడా పెద్దదే. ఆ గదిలో నాకు నిద్ర పట్టిందంటే వెంకమ్మ గురక పక్కన ఉందన్న ధైర్యం వల్లే.

ఆడవాళ్లు మా దగ్గరకు వచ్చేది అన్ని దారులూ మూసుకుపోయాకనే. కాన్పులన్నీ ఇళ్లలో మంత్రసానులే చేసేవాళ్లు. చాలామటుకు బాగానే చేసేవాళ్లు. వాళ్ల చేయి దాటినప్పుడు మంచం మీద వేసుకుని మా గుమ్మానికి తెచ్చేవాళ్లు. అప్పటికి సగం ప్రాణం పోయి ఉండేది.

డాక్టరు సాబు భయం

మా డాక్టరు సాబు హైదరాబాదు పట్నం మనిషి. అంత నెమ్మదైన చేతులు నేను మళ్లీ ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు. కాని ఆయనకు భయం. ఊరికే వచ్చిన భయం కాదు. అంతకు ముందు పనిచేసిన ఊళ్లో ఒక విధవరాలి మాట మీద ఆమె కూతురికి మత్తు ఇచ్చాడు. పిల్ల దక్కలేదు. అల్లుడు మందిని వేసుకొచ్చి అల్మారాలు పగలగొట్టాడు, ఆడదాన్ని అడిగి నా పెళ్లాన్ని చంపాడని పైకి అర్జీ పెట్టాడు. చాలా నెలలు ఆయనకు కొలువు లేకుండా పోయింది.

ఆ మీదట పోలీసు చర్య జరిగింది. రాజ్యం మారింది. పాత సర్కారు నాటి అధికారిని కదా, నా ప్రతి కాగితాన్నీ ఎవరో ఒకరు వెలుతురుకు పెట్టి చూస్తారని ఆయన అనుకునేవాడు. అనుకోవడంలో తప్పు కూడా లేదు.

మత్తు ఇచ్చి చేసే ఏ పనికైనా ముందు 'రజామంది' రాయించుకోవాలి. అంటే ఒప్పుకోలు కాగితం. రోగి ఆడదైతే దాని మీద భర్త ముద్ర వేయాలి. భర్త లేకపోతే తండ్రో, అన్నో, కొడుకో. ఎవరూ లేకపోతే ఆ ఊరి పెద్ద మగవాడు ఎవరైనా సరే. రోగిని పరీక్ష చేసి బయటికి రాగానే డాక్టరు సాబు నోట మొదట వచ్చే మాట ఒక్కటే, "మగదిక్కు ఎవరు?"

చట్టం ఏమంటుందో నాకు తెలియదు. ఆయనకూ తెలియదని నా అనుమానం. అది వాడుక, అంతే. ఒక్క మా దవాఖానలోనే కాదు, ఎక్కడికి పోయినా అంతే. ఎవరూ ఎప్పుడూ ఎందుకని అడగలేదు.

ఆడవాళ్లు మోసిన మంచం

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు ఎండాకాలం. మధ్యాహ్నం రోగులందరూ వెళ్లిపోయారు. నేను సూదులు ఉడకబెడుతున్నాను. వెంకమ్మ వరండాలోంచి కేక పెట్టింది.

"నర్సమ్మా, జల్ది రా! పాడె వస్తుంది. ఆడోళ్లు మోస్తున్నరు!"

బయటికొచ్చి చూశాను. పాడె కాదు, నులక మంచం. నాలుగు కోళ్ల దగ్గరా నలుగురు ఆడవాళ్లు. మంచం మోయడం మగవాళ్ల పని, మా దేశంలో ఆడవాళ్లు దేన్నైనా నెత్తిన మోస్తారు గాని భుజాన మోయరు. వాళ్ల భుజాలు ఒరుసుకుపోయి రవికెలు రక్తంతో తడిసి ఉన్నాయి. ఏ ఊరని అడగబోయి ఊరుకున్నాను. ఆ రోజుల్లో మగవాళ్లు లేని ఊరంటే ఏమిటో అందరికీ తెలుసు. కమ్యూనిస్టు దళాలను వేటాడే క్యాంపు పోలీసులు కొందరిని తోలుకుపోయి ఉంటారు. మిగిలినవాళ్లు గుట్టలు పట్టి ఉంటారు.

మంచం మీద లింగమ్మ. గొల్లవాళ్ల కోడలు, తొలిచూలు. మొన్న పొద్దున మొదలైన నొప్పులట. పెదవులు పగిలిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ చూడటం లేదు. ముందు కోడు పట్టిన ముసలమ్మ అత్త, కొమురమ్మ. మంచం దించగానే ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

"బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. దీన్ని దక్కియ్యి."

వాళ్ల వెనకే సైకిలు మీద క్యాంపు జమేదారు వచ్చాడు, ఇద్దరు కానిస్టేబుళ్లు నడిచి వచ్చారు. జమేదారు కోస్తా మనిషి, మాట మర్యాదగానే ఉండేది. బాట మీద తనిఖీ దగ్గర మంచాన్ని ఆపకుండా పంపించాడని తర్వాత తెలిసింది. ఆపకపోవడం దయ అనుకున్నారు పాపం ఆ ఆడవాళ్లు. ఆయన వరండాలో బెంచీ మీద కూర్చుని నన్ను మంచినీళ్లు అడిగాడు. ఇచ్చాను.

డాక్టరు సాబు చూశాడు. బిడ్డ తల దారిలో ఇరుక్కుంది. నేను కడుపు మీద గొట్టం పెట్టి విన్నాను. బిడ్డ గుండె కొట్టుకుంటోంది గాని మధ్య మధ్య తడబడుతోంది. క్లోరోఫాం ఇచ్చి ఇనుప చేతులు వేసి తీస్తే ఇద్దరూ బతికే వీలుంది. అప్పట్లో ఆ పరికరాన్ని మేం ఇనుప చేతులనే అనేవాళ్లం. ఆలస్యమైతే ముందు బిడ్డ పోతుంది, ఆ వెనక తల్లి.

ఆయన బయటికొచ్చాడు. తుండుతో మెడ తుడుచుకున్నాడు.

"మగదిక్కు ఎవరు?"

కొమురమ్మ తల వంచుకుంది. తక్కిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జవాబు బెంచీ మీద నుంచి వచ్చింది.

"దీని మొగుడు సైదులండీ డాక్టరుగారూ. గొర్లు కాసుకునేవాడు, ఇప్పుడు దళానికి కబుర్లు మోస్తున్నాడు. మూణ్ణెల్ల నుంచి మాకు కనపడటం లేదు." జమేదారు గ్లాసు కింద పెట్టాడు. "పెళ్లాం చావుబతుకుల్లో ఉంటే రాకుండా ఎక్కడికి పోతాడు? కాగితం సిద్ధంగా ఉంచండి. వస్తాడు."

అప్పుడు అర్థమైంది నాకు. మా దవాఖాన వాడుకనే ఆయన ఉచ్చుగా పన్నుకుని కూర్చున్నాడు. 

ఎవరి ముద్ర చెల్లుతుంది

కొమురమ్మ నన్ను నీళ్ల గోలెం దగ్గరకు లాక్కుపోయింది. గొంతు తగ్గించి చెప్పింది.

"నా బిడ్డ ఎల్లమ్మ పోయింది, వాళ్లన్నకు సెప్పనీకి. మొదాలు మంచం పట్టింది అదే. బాట మలుపు కాడ ఇంకోదానికి భుజం మార్సి సేన్లకు వడి ఉరికింది. ఒద్దే అని నేనన్న. ఒదినె సస్తదని ఏడ్సుకుంట పోయింది. ఇగ వాడు ఆగడు, వత్తడు."

"ఎంత దూరంల ఉన్నడు?"

"దూరం లేడు." ఆమె జమేదారు వైపు చూసి మళ్లీ నన్ను చూసింది. "వాడు వస్తే వాన్ని కాలుస్తరు. రాకుంటే ఇది సస్తది. నేనెవల్ని దక్కించుకోవాలె, నువ్వే సెప్పు బిడ్డా."

 ఆమెను డాక్టరు సాబు ముందుకు తీసుకుపోయాను. "సాబ్, అత్త ఉంది. ఆమె ముద్ర వేయించుకుందాం," అన్నాను.

"ఆడమనిషి ముద్ర చెల్లదు సిస్టర్. మీకు ఎరుకే."

"ఎందుకు సెల్లదు?" కొమురమ్మ అందుకుంది. "వాన్ని కన్నది నేను. దీన్ని కోడలుగ తెచ్చుకున్నది నేను. మొగోని యేలుకు ఉన్నదేంది, నా యేలుకు లేనిదేంది?"

 లోపల లింగమ్మ మూలుగు వినబడింది. నేను మళ్లీ లోపలికెళ్లి గొట్టం పెట్టాను. గుండె చప్పుడు ముందుకన్నా మెల్లగా ఉంది. వచ్చి ఆ మాట చెప్పాను. 

జమేదారు లేచి బల్ల దగ్గరకు వచ్చాడు. "ఇంత ఆలోచన ఎందుకండీ? నేను పెడతాను సంతకం. సర్కారు మనిషిని, మగవాణ్ణి. ఆడకూతురు ప్రాణం పోకూడదు, నాకూ ఆడపిల్లలున్నారు. ఈ ముసలమ్మ కొడుకు ఏ వైపు నుంచి వస్తాడో ఒక్క మాట చెప్పమనండి, చాలు."

డాక్టరు సాబు చేయి కలం దగ్గరికి పోయింది. "మగ సంతకమే కద సిస్టర్," అన్నాడు నా వైపు చూడకుండా. "చెల్లుతది."

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం ఇన్నేళ్లైనా చల్లారలేదు. కన్నతల్లిలాంటి అత్త ముద్ర చెల్లదు. మొగుణ్ణి చంపడానికి తుపాకీతో కాచుకున్నవాడి సంతకం చెల్లుతుంది. ఎందుకంటే వాడు మగవాడు. డాక్టరు సాబు చెడ్డవాడు కాదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. మంచివాడే ఆ మాట అన్నాడు గనకనే నాకు అంత మండింది.

కొమురమ్మ నోరు తెరవబోయింది. చెప్పేస్తుందేమో అనిపించింది. చెబితే ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికుంది? "ఆగు," అన్నాను. కాగితం తీసుకుని లోపలికి వెళ్లాను.

లింగమ్మను అడిగాను

అంతవరకూ ఆ గదిలో లింగమ్మతో ఎవరూ మాట్లాడలేదు. ఆమె గురించే మాట్లాడుకున్నాం.

నొప్పి తగ్గి కాస్త ఊపిరి తీసుకుంటున్నప్పుడు ఆమె మొహం దగ్గర మొహం పెట్టాను. "లింగమ్మా, ఇటు సూడు. బిడ్డ తల ఇరికింది. నీకు వాసన మందు పెట్టి నిద్ర పుచ్చుతం. ఇనుముతోని బిడ్డ తల పట్టి బయటికి తీస్తడు డాక్టరు. ఇద్దరూ బతకచ్చు. నీకు ఏమన్న కావచ్చు కూడ. అబద్ధం చెప్ప. తీయమంటవా?"

ఆమె చూపు నా మీద నిలవడానికి కొంచెం సేపు పట్టింది. గొంతు ఎండిపోయి మాట పెగల్లేదు. తడిగుడ్డతో పెదవులు తడిపాను.

"పానం నాదే గద నర్సమ్మా," అంది. "బయట ఎవల్ని అడుగుతున్నరు?"

సిరా పెట్టె బయట బల్ల మీద ఉంది, అక్కడ జమేదారు నిలబడి ఉన్నాడు. నా చేతికందిన అల్మారాలో పుండ్లకు పూసే ఊదారంగు మందు సీసా ఉంది. దూదితో ఆమె బొటనవేలికి పూశాను. కాగితం ఆమె చేతి కిందకు జరిపాను. వేలు నేనే పట్టుకుని ఒత్తబోయాను. ఆమె నా చేయి విదిలించుకుని తానే ఒత్తింది. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా ఒత్తింది.

దాని కింద సాక్షిగా నా పేరు రాశాను. తడి ఆరకుండానే పట్టుకెళ్లి డాక్టరు సాబు ముందు పెట్టాను.

"ఇదేంది?"

"రజామంది, సాబ్."

"ఎవరిది?"

"మంచం మీద ఉన్న మనిషిది."

జమేదారు వంగి చూశాడు. "ఇది చెల్లదండీ. ఈవిడ చనిపోతే మీ మెడకు చుట్టుకుంటుంది. నేనే రిపోర్టు రాస్తాను."

డాక్టరు సాబు వేళ్లు వణుకుతున్నాయి. అంత నెమ్మదైన చేతులు అట్లా వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఆ కాగితాన్ని చూస్తూ ఆయన మనసులో ఏ ఊరు కదిలిందో, ఏ పగిలిన అల్మారాలు కదిలాయో నేనూహించగలను. కాదంటాడనే అనుకున్నాను. లోపల లింగమ్మకు మళ్లీ నొప్పి వచ్చింది. ఆ నొప్పిలోనే అరిచింది, బయట అందరికీ వినపడేటట్టు.

"ఓ డాక్టరు సాబూ! మీయమ్మ నిన్ను కన్ననాడు ఎవల ముద్ర అడిగింది?"

వెంకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరు సాబు కళ్లు మూసి తెరిచాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రాసుకోండి జమేదార్ సాబ్," అన్నాడు. "జర బయట కూసొని రాసుకోండి. సిస్టర్, నీళ్లు వేడిగున్నయా?"

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వణుకు లేదు.

గడప

నేను మాస్కు మీద క్లోరోఫాం చుక్కలు వేస్తున్నాను. ఒక చేయి లింగమ్మ నాడి మీద. ఆమె ఊపిరి లెక్క తప్పితే ఆపాలి, మందు తక్కువైతే ఆమె కదులుతుంది. ఇదంతా మీకు ఇప్పుడు యంత్రాలు చెబుతాయి. మాకు వేళ్లే చెప్పాలి.

అప్పుడే వెనక తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. సైదులు వెనక నుంచి దూరతాడేమోనని జమేదారు ఒక కానిస్టేబుల్‌ను లోపల నిలబెట్టాలని చూస్తున్నాడు. నేను మాస్కు వదలలేను. డాక్టరు సాబు చేతులు వదలలేడు. వెంకమ్మ ఒక్కతే తీరికగా ఉంది. నెత్తురు గుడ్డల బకెట్టు తీసుకెళ్లి గడప మీద పెట్టింది. తానూ దాని పక్కనే కాళ్లు చాపుకుని కూర్చుంది.

"పురుటి గది సారూ. రా, రా. కాని ఈ బకెట్టు దాటి రావాలె. బయటికొచ్చినంక బాయి కాడ తానం చేసి పో."

కానిస్టేబుల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. జమేదారు ఏదో గొణిగి వరండాలోకి పోయాడు. పురుడు, ముట్టు అని మమ్మల్ని దూరం పెట్టే ఆచారం నాకు ఎన్నడూ నచ్చలేదు. ఆ రోజు మాత్రం అది మా పక్షాన నిలబడింది. అట్లాంటిది దొరికినప్పుడు వాడుకోవాలి, సిగ్గుపడనక్కర్లేదు.

బిడ్డ వచ్చింది. నల్లగా, చలనం లేకుండా వచ్చింది. డాక్టరు సాబు తలకిందులుగా పట్టి వీపు మీద తట్టాడు. నోట్లో వేలు పెట్టి తుడిచాడు. మళ్లీ తట్టాడు. నేను లింగమ్మ నాడి మీదే మనసు పెట్టుకున్నాను. చివరికి పిల్లి కూన అరిచినట్టు ఒక అరుపు వచ్చింది. వెంకమ్మ గడప మీదే కూర్చుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, చుక్కలు ఆపకుండానే.

"ఆడపిల్ల," అన్నాను కొమురమ్మతో.

"బతికింది సాలు," అంది ఆమె. మనవరాలి మొహం చూసింది గాని ముద్దాడలేదు. ఆమె కళ్లు బాట మీదున్నాయి.

కొమురమ్మ కుండ

అవును, ఇంకా సైదులు ఉన్నాడు. కాగితం కోసం అతని అవసరం తీరిపోయింది. ఆ సంగతి అతనికి తెలియదు. చెల్లెలు ఏడుస్తూ పిలుస్తోంది, అతను వస్తున్నాడు. వరండాలో మూడు తుపాకులు ఉన్నాయి. బయటికి పోయే ఎవరినైనా ఆపమని జమేదారు చెప్పేశాడు.

కొమురమ్మ నా దగ్గరకు వచ్చింది. "బిడ్డా, మావి ఏం జేస్తరు మీరు?"

"వెంకమ్మ వెనక పాతిపెడతది."

"ఒద్దు. నాకియ్యి. కుండ ఒకటి ఇయ్యి."

మా పల్లెల్లో బిడ్డ వెనక పడే మావిని కుండలో పెట్టి సొంత మట్టిలో పాతిపెడతారు. పరాయి చోట పాతితే తల్లికి పాలు పడవని, బిడ్డకు కీడని భయం. ఆ నమ్మకం సంగతి నాకు తెలుసు. కొమురమ్మ కళ్లలో ఆ సమయంలో నమ్మకం కనపడలేదు, ఉపాయం కనపడింది.  ఒక మట్టికుండ తెచ్చి, అందులో మావి వేసి, పైన మోదుగాకులు కప్పి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె నేరుగా ముందు తలుపులోంచే నడిచింది. జమేదారు చేయి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి? ఏముంది అందులో?"

"మావి, సారూ. మా మన్నుల పెట్టాలె." ఆకు పక్కకు జరపబోయింది. "సూస్తవా?"

జమేదారు మొహం తిప్పుకున్నాడు. ఒక కానిస్టేబుల్‌ను వెంట పొమ్మన్నాడు. అతను కొంత దూరం నడిచాడు. ఆమె బాట దిగి చేన్లకు మళ్లగానే అతను గట్టు మీదే ఆగిపోయాడు. పురిటి కుండ పక్కన నడవడానికి అతనికి మనసొప్పలేదు. ముసలామె వంగిన వీపు జొన్నచేల మోళ్లలో చిన్నదవుతూ కనిపించకుండా పోయింది.

ఆ తర్వాత మేం చేసిందల్లా వినడమే. నేను గుడ్డలు మడుస్తున్నాను, విప్పి మళ్లీ మడుస్తున్నాను. బాట మీద ఎవరు నడిచినా తలెత్తి చూస్తున్నాను. ఒక బండి వచ్చింది, వెళ్లింది. ఎవరో గడ్డిమోపు వాళ్లు. జమేదారు తుపాకీ మోకాళ్ల మీదకు తీసుకున్నాడు. ఎప్పుడు ఏ వైపు నుంచి చప్పుడొస్తుందోనని నా చెవులు నొప్పి పుట్టాయి. ప్రార్థన చేద్దామంటే మాటలు గుర్తుకు రాలేదు, నాన్న నేర్పినవన్నీ పోయాయి.

ఎండ వాలాక గట్టు మీద ఇద్దరు మనుషులు కనిపించారు. జమేదారు లేచి నిలబడ్డాడు. దగ్గరికొచ్చారు. కొమురమ్మ, ఎల్లమ్మ. ఇద్దరే. కొమురమ్మ చేతుల నిండా మట్టి.

"నీ కొడుకేడీ?" అన్నాడు జమేదారు.

"వానితోని ఏం పని సారూ? ముద్ర కోడలే ఏసిందట గద."

లోపలికి వచ్చాక నా చెవిలో చెప్పింది. "వాగు కాడ దొరికిండు. ఎనుకకు మలిపిన. బిడ్డ పుట్టిందంటే నవ్విండు. ముద్ర ఎవలేసిన్రని అడిగిండు. నీ పెండ్లామే అని సెప్పిన. నమ్మలే, అవ్వా ఉత్తదే సెప్తవని అన్నడు." అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. గోడకు ఆనుకుని జారి కూర్చుంది, అప్పుడు మొదలుపెట్టి చాలాసేపు ఏడ్చింది.

మీకు చెప్పేది

ఆ తర్వాత ఆడవాళ్లకు ఓటు వచ్చింది. నర్సుల పెళ్లి షరతు పోయింది. ఆడవాళ్లు తహసీల్దార్లయ్యారు, కలెక్టర్లయ్యారు. అవన్నీ పేపర్లలో పడ్డాయి, పడాల్సినవే. లింగమ్మ ముద్ర ఏ పేపర్లోనూ పడలేదు. నా లెక్కలో మాత్రం అది వాటికేమీ తీసిపోదు.

మిర్యాలగూడలో పని చేసినన్నాళ్లూ నా కింద చేరిన ప్రతి పిల్లకూ ఒకటే చెప్పాను, ఒకటికి పదిసార్లు చెప్పాను. వాళ్లు విసుక్కున్నారు కూడా. ఇప్పటికీ పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో చూస్తున్నాను. ఆడమనిషి మంచం మీద ఉంటుంది, నర్సు తలుపు బయటికి వచ్చి "ఈమె తరఫువాళ్లు ఎవరు?" అంటుంది. ముందు మంచం మీదున్న మనిషిని అడుగు. ఆమె మొహంలో మొహం పెట్టి అడుగు. తరఫువాళ్లు తర్వాత. ఆమె ప్రాణానికి ఆమే తరఫు. దీన్ని మీరు పెద్దపెద్ద మాటల్లో చదువుకుంటున్నారట. నాకు ఆ మాటలు రావు.

బాసుల గురించి కూడా ఒక ముక్క. పిరికివాడైన పై అధికారి దొరికితే తిట్టుకోకండి. అతనికి కాగితం చేతికివ్వండి, కింద మీ సంతకం పెట్టి ఇవ్వండి. ఒక్కోసారి అతనికి కావలసింది ఆ రెండో సంతకమే.

ఇంటికి పంపడం

జమేదారు అన్నంత పనీ చేశాడు. రిపోర్టు రాశాడు. డాక్టరు సాబును సూర్యాపేటకు పిలిపించారు. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చాడు. ఏమడిగారని నేనడిగితే, "చాయ్ బాగలేదు," అన్నాడు. అంతకన్నా చెప్పలేదు. ఇన్నాళ్లలో ఆయన అట్లా చలోక్తి విసరడం నేను వినలేదు, అందుకే భయం వేసింది.

లింగమ్మ ఇంటికి పోయే రోజు వచ్చింది. జమేదారు మళ్లీ బెంచీ మీద ప్రత్యక్షం. ఆయన లెక్క ఆయనకుంది. ఆడరోగిని ఇంటికి పంపాలంటే ఒక మగవాడికి అప్పగించాలి, అప్పగించుకున్నట్టు అతను ముద్ర వేయాలి. అది కూడా వాడుకే. కాగితానికి రానివాడు పెళ్లాన్నీ బిడ్డనూ తీసుకుపోవడానికి వస్తాడని చూస్తున్నాడు.

కొమురమ్మ గుమ్మం దగ్గర నిలబడి బాట వైపే చూస్తోంది. నేను డాక్టరు సాబు బల్ల దగ్గరకు వెళ్లాను. ఏమనాలో దారిలోనే కూడబలుక్కున్నాను. ఒక్క మాటా అవసరం పడలేదు.

ఆయన పుస్తకం తీశాడు. ఎవరికి అప్పగించారు అనే చోట కలం ఆపాడు. తర్వాత ఏదో ఉర్దూలో రాశాడు. నా కోసం, వరండాలో వినేవాళ్ల కోసం పైకే చదివాడు, తెలుగులో.

"ఎవరికీ అప్పగించలేదు. తన ఇష్టం మీద తనే పోయింది."

సిరా పెట్టె మూత తీశాడు. దాన్ని కొమురమ్మ వైపు గాని నా వైపు గాని జరపలేదు. లింగమ్మ వైపు జరిపాడు.

"వెయ్యమ్మా," అన్నాడు.

లింగమ్మ రెండు చేతుల్లోనూ పాప ఉంది. ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసింది. తర్వాత ఇంకేమీ ఆలోచించకుండా, బల్ల అవతలికి వంగి, పాపను డాక్టరు సాబు చేతుల్లో పెట్టింది. ఆయన కంగారుగా అందుకున్నాడు. ఆమె కొంగుతో బొటనవేలు తుడుచుకుని, సిరాలో అద్ది, తను పోతున్నట్టు ముద్ర వేసింది.